ఒలింపిక్స్, వరల్డ్ కప్ లాంటి పెద్ద ఈవెంట్లు నడిపే ఫీల్డులోకి ఎలా వెళ్ళాలి

"ఆటలంటే ప్రాణం, కానీ ఆడి పైకొచ్చే వయసు దాటిపోయింది, ఇందులోనే ఉండాలంటే ఏం చెయ్యాలి" అని అడిగే పిల్లలు ఈమధ్య బాగా ఎక్కువయ్యారు. కోచింగ్ అంటారు, కామెంటరీ అంటారు, జిమ్ పెడతానంటారు. ఈవెంట్ నడిపే పని వైపు మాత్రం ఎవరి చూపూ పోదు. మనుషులు ఎక్కువ కావాల్సింది మాత్రం అక్కడే. ప్యారిస్ 2024లో ఆడినవాళ్ళు దాదాపు 10,500 మంది అయితే వాలంటీర్లే 45 వేల మంది, జీతానికి పనిచేసినవాళ్ళు, కాంట్రాక్టర్ల మనుషులు, సెక్యూరిటీ, టీవీ వాళ్ళు ఈ లెక్కలో లేరు.

ఇంకో మాట, మన దేశంలో ఉన్నవాళ్ళకి ఇది మంచి టైమ్. 2030 కామన్వెల్త్ గేమ్స్ అహ్మదాబాద్‌కి వచ్చాయి, 2025 నవంబర్ 26న గ్లాస్గోలో ఖాయం చేశారు. 2036 ఒలింపిక్స్ మాకు కావాలని 2024 అక్టోబర్‌లోనే ఇండియా ఐఓసీకి, అంటే ఇంటర్నేషనల్ ఒలింపిక్ కమిటీకి, లెటర్ పెట్టింది, అది వస్తుందో రాదో తర్వాత సంగతి. 2030 అయితే ఖాయం. ఇప్పుడు డిగ్రీలో చేరినవాళ్ళు సరిగ్గా అప్పటికి పనికొచ్చే వయసులో, పనికొచ్చే అనుభవంతో ఉండొచ్చు, ఇవాళే మొదలుపెడితే. 2029లో నోటిఫికేషన్ చూసి అప్పుడు అప్లై చేద్దాంలే అనుకుంటే మాత్రం వాలంటీర్ టీషర్టు దగ్గరే ఆగిపోతారు. అందుకే ఇది కాస్త వివరంగా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

ముందు ఈ పని ఎన్ని ముక్కలో తెలుసుకోండి

"ఈవెంట్ మేనేజ్‌మెంట్" అనే మాటని కాసేపు పక్కన పెట్టెయ్యండి. మన దగ్గర ఆ మాట వినగానే పెళ్ళి స్టేజీ, డీజే, ఫ్లవర్ డెకరేషన్ గుర్తొస్తాయి. పెద్ద గేమ్స్‌లో పనంతా ఫంక్షనల్ ఏరియాలుగా విడిపోయి ఉంటుంది, వాడుకలో ఎఫ్‌ఏ అంటారు. "నీది ఏ ఎఫ్‌ఏ?" అనేది ఈ ఫీల్డులో ఇద్దరు కలిస్తే మొదట వచ్చే ప్రశ్న, మన ఊళ్ళల్లో "మీది ఏ ఊరు" అన్నట్టు.

అక్రిడిటేషన్, ట్రాన్స్‌పోర్ట్, లాజిస్టిక్స్, వెన్యూ మేనేజ్‌మెంట్, స్పోర్ట్ అంటే అచ్చంగా పోటీని నడిపేవాళ్ళు, వర్క్‌ఫోర్స్, మెడికల్, డోపింగ్ కంట్రోల్, ప్రెస్ ఆపరేషన్స్, బ్రాడ్‌కాస్ట్, టెక్నాలజీ, ప్రోటోకాల్, టికెటింగ్, ప్రేక్షకుల సర్వీసులు, క్యాటరింగ్, క్లీనింగ్, సెరిమనీలు, ఎయిర్‌పోర్టులో రాకపోకలు చూసేవాళ్ళు, ఒక్కో దేశం టీమ్‌కి ఏం కావాలో చూసేవాళ్ళు... ఇలా గేమ్స్ సైజును బట్టి నలభై, యాభై కూడా ఉంటాయి.

వీటిలో ఒకటి రెండు దగ్గర నుంచి చూపిస్తా, అప్పుడు మీకే అర్థమవుతుంది. అక్రిడిటేషన్ అంటే మెడలో వేలాడే ఆ కార్డు. బయటివాళ్ళకి అది ఐడీ కార్డులా కనిపిస్తుంది కానీ అందులో మొత్తం గేమ్స్ ప్లాన్ ఉంటుంది. ఈ మనిషి ఏ వెన్యూలోకి వెళ్ళొచ్చు, వెన్యూలో ఏ జోన్ దాకా వెళ్ళొచ్చు, ఏ బస్సు ఎక్కొచ్చు, విలేజ్‌లో, అంటే గేమ్స్ కోసం కట్టే ఆటగాళ్ళ కాలనీలో, అథ్లెట్లు ఉండే బిల్డింగుల దాకా పోవచ్చా పోకూడదా, అన్నీ రంగులు, నంబర్లు, అక్షరాల్లో దాని మీదే ఉంటాయి. గేటు దగ్గర నిలబడ్డ ఇరవై ఏళ్ళ కుర్రాడు రెండు సెకన్లలో ఆ కార్డు చదివి పంపాలో ఆపాలో తేల్చుకోవాలి. వచ్చింది మంత్రిగారి పీఏ కావచ్చు, పెద్ద స్టార్ కోచ్ కావచ్చు, కార్డులో ఆ జోన్ లేకపోతే ఆపాల్సిందే, అదీ గొడవ కాకుండా, నమస్కారం పెట్టి. "సార్, హెల్ప్ డెస్క్ అటు ఉంది, వాళ్ళు చూస్తారు" అని చెప్పి లైన్లోంచి పక్కకి తీసుకెళ్ళడం ఒక విద్య. మన దగ్గర "నేనెవరో తెలుసా" అనేవాళ్ళకి కొదవలేదు కాబట్టి ఇది నేర్చుకున్నవాడికి ఎక్కడైనా పని దొరుకుతుంది.

ఓవర్‌లే అని ఇంకోటుంది. స్టేడియం ఉంటే సరిపోదు, దాని చుట్టూ గేమ్స్ కోసం తాత్కాలికంగా వేసే టెంట్లు, క్యాబిన్లు, జనరేటర్లు, కేబుల్ బ్రిడ్జిలు, అదనపు సీట్లు, కెమెరా ప్లాట్‌ఫారాలు, ఇవన్నీ ఓవర్‌లే. ప్యారిస్‌లో ఈఫిల్ టవర్ కింద బీచ్ వాలీబాల్ స్టేడియం మొత్తం తాత్కాలికమే, గేమ్స్ అయ్యాక విప్పేశారు. లాస్ ఏంజెలెస్ 2028లో మన క్రికెట్ జరగబోయేది కూడా పొమోనా ఫెయిర్‌గ్రౌండ్స్‌లో తాత్కాలికంగా కట్టే స్టేడియంలోనే. ఖతార్‌లో స్టేడియం 974 అని షిప్పింగ్ కంటైనర్లతో కట్టి, తర్వాత విప్పేసేలా డిజైన్ చేశారు. ఈ ముక్కకి సివిల్, ఎలక్ట్రికల్ ఇంజినీర్లు కావాలి. ఇంటింటికీ ఒక బీటెక్ ఉన్న మన రెండు రాష్ట్రాల్లో ఈ దారి గురించి చెప్పేవాళ్ళే లేకపోవడం నాకు నిజంగా బాధ. ఆటోక్యాడ్‌లో సైట్ ప్లాన్ గీయడం వచ్చి, జనరేటర్ లోడ్ లెక్క కట్టడం వచ్చి, రాత్రి సైట్‌లో నిలబడే ఓపిక ఉన్నవాళ్ళని ఈ ఫీల్డు వెతుక్కుంటోంది.

ఇక రెండో పని, వీటిలో ఒకటి పట్టుకోవడం

"అన్నీ చేస్తా" అన్నవాడికి పెద్ద గేమ్స్‌లో కుర్చీ దొరకదు. ఉద్యోగాలు ఎఫ్‌ఏ పేరుతోనే పడతాయి, ట్రాన్స్‌పోర్ట్ కోఆర్డినేటర్, అక్రిడిటేషన్ ఆఫీసర్, ప్రెస్ ఆపరేషన్స్ మేనేజర్, ఇలా. మీరు చదివింది, మీ స్వభావం రెండూ కలిసేచోట వెతుక్కోండి. లెక్కలు, రూట్లు, టైమ్‌టేబుల్స్ ఇష్టమైతే ట్రాన్స్‌పోర్ట్. మనుషుల్ని కూడగట్టడం వస్తే వర్క్‌ఫోర్స్. జర్నలిజం చేస్తే ప్రెస్ ఆపరేషన్స్, అక్కడ వార్త రాయడం మీ పని కాదు, రాసేవాళ్ళకి సీటు, నెట్, రిజల్ట్ షీట్, మిక్స్‌డ్ జోన్‌లో, అంటే ఆట అయ్యాక ఆటగాళ్ళు ప్రెస్ ముందు నుంచి వెళ్ళే దారిలో, ఆటగాడు ఆగి మాట్లాడేలా చూడటం మీ పని. ఫార్మసీ, నర్సింగ్, ఫిజియో వాళ్ళకి మెడికల్, డోపింగ్ కంట్రోల్. హోటల్ మేనేజ్‌మెంట్ వాళ్ళకి విలేజ్, క్యాటరింగ్. ఏమీ తేలకపోతే మొదటి రెండేళ్ళు రెండు మూడు రకాలు ట్రై చెయ్యండి, తప్పులేదు, మూడో ఏడు మాత్రం ఒకదాంట్లో కూర్చోవాలి.

మూడోది: మీ ఊళ్ళోనే మొదలుపెట్టండి

ఇది చాలామంది దాటేసే మెట్టు. నేరుగా ఐఓసీ వెబ్‌సైట్ తెరిచి కూర్చుంటారు. హైదరాబాద్‌కి ఈ విషయంలో మంచి చరిత్ర ఉంది, 2002 నేషనల్ గేమ్స్ కోసం గచ్చిబౌలి స్టేడియాలు కట్టారు, 2003లో ఆఫ్రో ఏషియన్ గేమ్స్, 2007లో మిలిటరీ వరల్డ్ గేమ్స్, 2009లో బ్యాడ్మింటన్ వరల్డ్ చాంపియన్‌షిప్స్, ఇన్ని ఇక్కడే జరిగాయి. తర్వాత 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ ఎలక్ట్రిక్ కార్ల రేసు, అదే ఏడు ఉప్పల్‌లో వరల్డ్ కప్ మ్యాచ్‌లు, 2024లో గచ్చిబౌలిలో ఇంటర్‌కాంటినెంటల్ కప్ ఫుట్‌బాల్. వైజాగ్‌లో 2025 మహిళల వరల్డ్ కప్ మ్యాచ్‌లు జరిగాయి. మన ఊరికి పెద్ద ఈవెంట్లు రావు అనే మాట నిజం కాదు.

కానీ మొదటి అడుగు వీటిలో కూడా కాదు, మారథాన్‌లో వెయ్యండి. ఏటా ఆగస్టులో హైదరాబాద్ మారథాన్ ఉంటుంది, వైజాగ్‌లో నేవీ మారథాన్ ఉంటుంది, ఇవి కాకుండా ప్రతి నెలా ఏదో ఒక 10కే, అంటే పది కిలోమీటర్ల పరుగు, ఉంటుంది, అన్నిటికీ వాలంటీర్లు కావాలి, ఎవరూ డిగ్రీ అడగరు. రోడ్డు మీద జరిగే ఈవెంట్ అంటే పోలీస్ పర్మిషన్, ట్రాఫిక్ డైవర్షన్, అంబులెన్స్, నీళ్ళు, టైమింగ్ చిప్, బ్యాగులు దాచడం, తప్పిపోయిన మనిషి, వాన, అన్నీ ఒకే పొద్దున్న నేర్పుతుంది.

వాటర్ స్టేషన్‌లో డ్యూటీ వేస్తే చిన్నతనంగా ఫీల్ అవ్వకండి, జాగ్రత్తగా గమనించండి. టేబుళ్ళు అన్నీ ఒకేచోట కుప్పగా పెడితే మొదటి టేబుల్ దగ్గరే జనం ఆగి వెనకవాళ్ళు గుద్దుకుంటారు, అందుకే పొడుగ్గా వరసగా, మధ్యలో ఖాళీ వదిలి పెడతారు. కప్పు నిండా పోస్తే పరిగెత్తేవాడి మీద ఒలుకుతుంది, సగమే పోయాలి. ఖాళీ కప్పు వాళ్ళు వెంటనే పడెయ్యరు, రెండు గుక్కలు తాగి కాస్త ముందుకెళ్ళి పడేస్తారు, కాబట్టి చెత్త డబ్బా టేబుల్ పక్కన పెడితే లాభం లేదు, ముందుకి జరిపి పెట్టాలి. వేగంగా వచ్చేవాళ్ళు పొద్దున్నే అయిపోతారు, అసలు రద్దీ మధ్యలో వచ్చేవాళ్ళతో, చివర్లో వచ్చేవాళ్ళకి ఎండ ముదిరి దాహం ఎక్కువ, అప్పటికి నీళ్ళు అయిపోతే అది పెద్ద పాపం. జనం ఎలా కదులుతారో, ఎప్పుడు ఎక్కువవుతారో లెక్క వేసుకుని దానికి తగ్గట్టు సామాను, మనుషుల్ని పెట్టడం, ఒలింపిక్స్ ట్రాన్స్‌పోర్ట్ మేనేజర్ చేసేది కూడా ఇదే లెక్క, సైజు పెద్దదంతే.

డ్యూటీ అయ్యాక ఆ రాత్రే ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి, ఎంతమంది రన్నర్లు, మీ స్టేషన్‌కి ఎన్ని కప్పులు, ఏ టైమ్‌కి అయిపోయాయి, ఏం తక్కువైంది. రేపు ఇంటర్వ్యూలో "ఒక ప్రాబ్లం చెప్పు, ఎలా సాల్వ్ చేశావు" అంటే ఈ నోట్‌బుక్కే దిక్కు.

తర్వాత మెట్టు ఐపీఎల్, ప్రో కబడ్డీ మ్యాచ్ డే పనులు, ఖేలో ఇండియా, నేషనల్ గేమ్స్. ఫ్రాంచైజీ ఆఫీసులో ఉద్యోగం కోసం ఎదురుచూడకండి, మ్యాచ్ డే పని చేసేది ఎక్కువగా ఏజెన్సీలు. ముంబై మారథాన్ 2004 నుంచి నడుపుతున్న ప్రోక్యామ్ లాంటివి, లీగ్‌ల ప్రొడక్షన్ చేసే కంపెనీలు సీజన్ ముందు షార్ట్ టర్మ్ మనుషుల్ని తీసుకుంటాయి. ఒకసారి బాగా చేస్తే మళ్ళీ ఫోన్ వాళ్ళే చేస్తారు. ఈ ఫీల్డులో సగం ఉద్యోగాలు ఇలా ఫోన్ల మీదే నడుస్తాయి, ఒప్పుకోవాల్సిన నిజం.

పక్కదారి ఒకటుంది, చాలామందికి తెలీదు

టెక్నికల్ అఫీషియల్ దారి. బ్యాడ్మింటన్‌లో లైన్ జడ్జిగా జిల్లా టోర్నమెంట్‌లో మొదలై, స్టేట్ అంపైర్ పరీక్ష, నేషనల్, తర్వాత బ్యాడ్మింటన్ ఏషియా, చివరికి వరల్డ్ ఫెడరేషన్ దాకా ఒక్కో గ్రేడు ఎక్కుతూ వెళ్ళొచ్చు. అథ్లెటిక్స్, స్విమ్మింగ్, షూటింగ్ అన్నిటికీ ఇలాంటి నిచ్చెన ఉంది. డబ్బు పెద్దగా రాదు, చాలామంది వేరే ఉద్యోగం చేసుకుంటూ చేస్తారు, కానీ ఆట లోపలి నుంచి అర్థమవుతుంది, ఫెడరేషన్‌లో మనుషులు తెలుస్తారు, రేపు స్పోర్ట్ ఎఫ్‌ఏలో కాంపిటీషన్ మేనేజర్ అవ్వాలంటే ఇంతకంటే గట్టి పునాది లేదు. గోపీచంద్ అకాడమీ పుణ్యమా అని బ్యాడ్మింటన్ వాతావరణం ఉన్న ఊరు మనది, లైన్ జడ్జిగా కూర్చునే అవకాశం ఇంత దగ్గర్లో చాలా ఊళ్ళకి లేదు.

ఇంకోటి డోపింగ్ కంట్రోల్‌లో, అంటే ఆటగాళ్ళు నిషేధించిన మందులు వాడారా అని టెస్ట్ చేసేచోట, షాపరోన్ పని. మ్యాచ్ అయిన వెంటనే ఎంపికైన ఆటగాడి దగ్గరికి వెళ్ళి ఐడీ చూపించి, "మిమ్మల్ని టెస్ట్‌కి సెలెక్ట్ చేశారు" అని చెప్పి సంతకం పెట్టించుకోవాలి. ఆ క్షణం నుంచి డోపింగ్ కంట్రోల్ స్టేషన్‌కి చేరేదాకా ఆ మనిషి మీ కళ్ళముందు నుంచి పోకూడదు. మెడల్ సెరిమనీకి వెళ్తాడు, వెనకే మీరు. ప్రెస్‌తో మాట్లాడతాడు, పక్కనే మీరు. ఓడిపోయి మూలన కూర్చుని ఏడుస్తుంటాడు, కాస్త దూరంగా, కానీ కనిపించేంత దగ్గరగా మీరు. మాట్లాడకుండా ఎలా ఉండాలో, ఎప్పుడు నీళ్ళ బాటిల్ అందించాలో, అదీ సీలు తియ్యనిది, ఇవన్నీ నేర్పిస్తారు. లోపలికి వెళ్ళాక డోపింగ్ కంట్రోల్ ఆఫీసర్ పని మొదలవుతుంది, కనీసం 90 మిల్లీలీటర్ల మూత్రం కావాలి, 'A' బాటిల్‌లో 60, 'B' బాటిల్‌లో 30, సీలు వేసేది ఆటగాడి చేతులతోనే. ఆడామగా ఇద్దరూ కావాలి ఈ పనికి, సాంపిల్ ఇచ్చేటప్పుడు సాక్షిగా ఉండేవాళ్ళు ఆటగాడి జెండర్ వాళ్ళే అయ్యుండాలి కాబట్టి, అందుకే అమ్మాయిలకి ఇక్కడ అవకాశాలు బాగుంటాయి. మన దేశంలో ఇది నాడా, అంటే నేషనల్ యాంటీ డోపింగ్ ఏజెన్సీ, కింద నడుస్తుంది, వాళ్ళ సైట్‌లో ప్రకటనలు చూస్తూ ఉండండి.

చదువు గురించి నా అభిప్రాయం

కోర్సు చెయ్యాలా వద్దా అంటే, చేస్తే మంచిదే, కానీ రెండేళ్ళ గ్రౌండ్ అనుభవం తర్వాత చెయ్యండి. అనుభవం లేకుండా స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ డిగ్రీ పట్టుకొస్తే మళ్ళీ ఆ వాటర్ స్టేషన్ దగ్గరే మొదలుపెట్టాలి, కాకపోతే నెత్తిమీద లోన్‌తో. మన దేశంలో పుణెలో సింబయాసిస్ స్కూల్ ఆఫ్ స్పోర్ట్స్ సైన్సెస్, కోల్‌కతాలో ఐఐఎస్‌డబ్ల్యూబీఎం, ముంబైలో ఐఐఎస్‌ఎం ఉన్నాయి, ఐఐఎం రోహ్‌తక్‌లో ఉద్యోగం చేస్తూ చేసే కోర్సు ఉంది. బయట అయితే ఇంగ్లండ్, ఇటలీ, స్విట్జర్లాండ్ మూడు దేశాల్లో నడిచే ఫిఫా మాస్టర్, లౌసాన్‌లో ఏఐఎస్‌టీఎస్ బాగా పేరున్నవి. లౌసాన్ అంటే ఐఓసీ ఉన్న ఊరు, ఎన్నో ఫెడరేషన్ల ఆఫీసులు అక్కడే, ఆ కోర్సుకి విలువంతా క్లాసులో కంటే ఆ పరిచయాల్లోనే ఎక్కువ. ఫీజు, అక్కడి ఖర్చు రెండూ గట్టిగానే ఉంటాయి, ఇల్లు తాకట్టు పెట్టేంత పని మాత్రం చెయ్యకండి, స్కాలర్‌షిప్ వస్తేనే ఆలోచించండి.

టీవీ వైపు వెళ్ళాలనుకుంటే ఇంకో విషయం. ఒలింపిక్స్ ప్రసారాన్ని తయారుచేసేది ఓబీఎస్ అనే సంస్థ, వాళ్ళు ఆతిథ్య దేశంలో కాలేజీ పిల్లలకి ట్రైనింగ్ ఇచ్చి గేమ్స్‌లో జీతానికి తీసుకుంటారు. కేబుల్ చుట్టడం, లాగింగ్, కామెంటరీ బాక్స్ చూసుకోవడం లాంటి పనులు. ఏ దేశంలో చదువుతున్నారో ఆ దేశానికి గేమ్స్ వస్తున్నాయా అని ఒకసారి చూసుకోండి. అమెరికాలో, ఆస్ట్రేలియాలో చదువుతున్న మన పిల్లలు వేలల్లో ఉన్నారు, 2028 లాస్ ఏంజెలెస్, 2032 బ్రిస్బేన్, చేతికి అందే దూరంలో ఉన్నాయి, మీ వీసా ఏ పనికి ఒప్పుకుంటుందో మాత్రం యూనివర్సిటీ ఆఫీసులో కనుక్కున్నాకే అడుగెయ్యండి.

నేర్చుకోవాల్సిన పనిముట్లు

ఎక్సెల్. దీనికి తిరుగులేదు. వీలుకప్, పివట్, కండిషనల్ ఫార్మాటింగ్ వస్తే మీరు సగం టీమ్ కంటే ముందున్నట్టే. తర్వాత వాకీటాకీ మర్యాద, ముందు ఎవర్ని పిలుస్తున్నారో చెప్పి తర్వాత మీరెవరో చెప్పాలి, ఒక ముక్కలో చెప్పి ఆగాలి, ఎవరైనా పడిపోతే గాలిలో అరవకుండా కోడ్‌లో చెప్పాలి, ఎందుకంటే పక్కన ప్రేక్షకులు వింటుంటారు. ఇంగ్లీష్‌లో ఫోన్ మాట్లాడేంత, ఈమెయిల్ రాసేంత ఉండాలి, హిందీ తప్పదు, ఫ్రెంచ్ వస్తే బోనస్.

అన్నిటికంటే ముఖ్యం రన్ షీట్ రాయడం, అంటే ఏ నిమిషానికి ఏ పని, ఎవరు చెయ్యాలి అనే లిస్టు. ఇది ఇంట్లో కూర్చుని ప్రాక్టీస్ చెయ్యొచ్చు. ఒక బ్యాడ్మింటన్ ఫైనల్ సాయంత్రం 5 గంటలకి అనుకోండి, అక్కడి నుంచి వెనక్కి లెక్క కట్టుకుంటూ రండి. 5:00కి మొదటి సర్వీస్ అంటే ఆటగాళ్ళు వాకిన్ 4:55కి, అంటే 4:50కల్లా అంపైర్, సర్వీస్ జడ్జి, ఆటగాళ్ళు టన్నెల్‌లో రెడీగా ఉండాలి, లైన్ జడ్జిలు అంతకంటే ముందు లైన్‌లో నిలబడాలి. 3:00కి గేట్లు తెరవాలంటే 2:45కి గేటు వాలంటీర్ల బ్రీఫింగ్ అయిపోవాలి, దానికి ముందు పోలీసుల చెకింగ్, దానికి ముందు క్లీనింగ్ ముగియాలి, దానికి ముందు నిన్న రాత్రి సెమీఫైనల్ చెత్త వెళ్ళిపోవాలి. ఏసీ ఎప్పుడు ఏ స్పీడ్‌లో పెట్టాలో కూడా ఇందులో ఉంటుంది, బ్యాడ్మింటన్‌లో గాలి కొట్టుకుంటే షటిల్ పక్కకి పోతుంది, ఆటగాళ్ళు గోల చేస్తారు. కోర్టు తుడిచే పిల్లలు ఏ వైపు కూర్చోవాలి, అంపైర్ సైగ చెయ్యగానే ఎటు నుంచి వచ్చి ఎటు వెళ్ళాలి, అదీ రాయాలి. ప్రతి లైన్‌కి ఎదురుగా ఒక్క మనిషి పేరు. ఇద్దరి పేర్లు రాస్తే ఎవరూ చెయ్యరు. టీవీ వాళ్ళు ఐదు నిమిషాలు జరపమంటే ఏ లైన్లు కదులుతాయి, ఏవి కదలకూడదు అన్నది కూడా మీ షీట్ చూడగానే తెలియాలి. ఏదైనా మ్యాచ్ టీవీలో చూస్తూ వెనక ఇదంతా ఊహించి రాసి చూడండి, ఇలాంటి షీట్లు నాలుగైదు మీ దగ్గరుంటే ఇంటర్వ్యూకి తీసుకెళ్ళి చూపించవచ్చు, సర్టిఫికెట్ల ఫైలు కంటే ఇదే బాగా పనిచేస్తుంది.

దీంతోపాటు "ఇలా అయితే ఏం చేస్తాం" అనే లిస్టు. 2009లో హైదరాబాద్ బ్యాడ్మింటన్ వరల్డ్ చాంపియన్‌షిప్స్‌కి ఇంగ్లండ్ టీమ్ భద్రత భయంతో వచ్చినట్టే వచ్చి వెనక్కి వెళ్ళిపోయింది, టోర్నమెంట్ మాత్రం సాగింది, లిన్ డాన్ గెలిచాడు కూడా. ఒక దేశం వెళ్ళిపోతే డ్రా మార్చాలి, ప్రెస్‌కి జవాబు చెప్పాలి, మిగతా టీమ్‌ల మేనేజర్లతో కూర్చోవాలి, హోటల్ గదులు, బస్సులు మళ్ళీ సర్దాలి, ఇవన్నీ ఆటలు ఆగకుండా జరగాలి. 2010 ఢిల్లీ కామన్వెల్త్‌కి రెండు వారాలు కూడా లేవనగా నెహ్రూ స్టేడియం దగ్గర ఫుట్‌బ్రిడ్జి కూలింది, కూలీలకి దెబ్బలు తగిలాయి. చివరి నిమిషంలో హడావుడిగా కట్టే పనికి మూల్యం కట్టేది కింద పనిచేసే మనుషులే. మీరు రేపు మేనేజర్ అయ్యాక డెడ్‌లైన్ ఒత్తిడిలో "పర్లేదు కానిచ్చెయ్యండి" అనాలనిపిస్తే ఇది గుర్తు చేసుకోండి. ఇక 2024లో రావాల్సిన రెండో హైదరాబాద్ ఫార్ములా ఈ రేసు నెల రోజుల ముందు రద్దయింది, ప్రభుత్వం మారాక ఒప్పందం దగ్గర తేడా వచ్చింది. ఈవెంట్ జరిగే ఊరితో చేసుకునే హోస్ట్ సిటీ అగ్రిమెంట్ అనే కాగితం ఎంత బరువైనదో దాంతో తెలిసింది, లా చదివినవాళ్ళకి కూడా ఈ ఫీల్డులో చోటుంది అనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

బయట గేమ్స్‌కి అప్లై చెయ్యడం

ఆర్గనైజింగ్ కమిటీ మొదట్లో చిన్నగా ఉంటుంది, చివరి ఏడాది ఏడాదిన్నరలో ఒక్కసారిగా వేలల్లోకి పెరుగుతుంది, గేమ్స్ అయిన కొన్ని వారాలకే చాలామంది వెళ్ళిపోతారు, తర్వాత మెల్లగా మూతపడుతుంది. కాబట్టి గేమ్స్ తేదీ నుంచి వెనక్కి లెక్కేసుకుని వాళ్ళ కెరీర్స్ పేజీని ఫాలో అవ్వండి. వాలంటీర్ల అప్లికేషన్లు సాధారణంగా ఏడాదికి పైగానే ముందు తెరుస్తారు. యూనిఫాం, డ్యూటీలో భోజనం, ఊళ్ళో బస్సు మెట్రో పాస్ ఇస్తారు, విమానం టికెట్, ఉండే చోటు మాత్రం మీ ఖర్చే. బంధువులో స్నేహితులో ఉన్న ఊరైతే సరే, లేకపోతే బడ్జెట్ వేసుకుని వెళ్ళండి.

గల్ఫ్ గురించి గట్టిగా చెప్పాలి. 2030 ఏషియన్ గేమ్స్ దోహాలో, 2034 ఏషియన్ గేమ్స్ రియాద్‌లో, అదే 2034 ఫుట్‌బాల్ వరల్డ్ కప్ సౌదీలో. ఖతార్ 2022కి ముందు ఎంతమంది మనవాళ్ళు కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ నుంచి, ఇటు గోదావరి జిల్లాలు, కడప నుంచి వెళ్ళి ఎండలో పనిచేశారో మీకు తెలుసు, వాళ్ళలో అందరూ క్షేమంగా తిరిగి రాలేదు. ఇప్పుడు మళ్ళీ "స్టేడియంలో జాబ్, వరల్డ్ కప్ వీసా" అని ఏజెంట్లు తిరుగుతారు. వాలంటీర్ పోస్టుకి ఎవరూ డబ్బు అడగరు, అడిగాడంటే మోసమే. ఉద్యోగమైతే ఏజెంటుకి లైసెన్స్ ఉందా అని కేంద్ర ప్రభుత్వ ఈమైగ్రేట్ సైట్‌లో చూడండి, తెలంగాణలో టామ్‌కామ్, ఏపీలో ఓంక్యాప్ ప్రభుత్వ సంస్థలు ఉన్నాయి, అక్కడ అడగండి. విజిట్ వీసా మీద వెళ్ళి అక్కడ మార్చుకుందాం అనేవాడి మాట వినొద్దు.

సీవీ రెండు పేజీలు దాటకూడదు. "టీమ్ ప్లేయర్, హార్డ్ వర్కింగ్" లాంటివి తీసెయ్యండి. ఈవెంట్ పేరు, ఏ ఎఫ్‌ఏ, మీ కింద ఎంతమంది, ఎన్ని రోజులు, ఏం సాధించారు, అంతే. ప్రతి ఈవెంట్ చివరి రోజు, అలసట ఎంత ఉన్నా, మీ సూపర్‌వైజర్ దగ్గర అనుభవ పత్రం, ఫోన్ నంబర్ తీసుకునే ఇంటికి వెళ్ళండి, రెండు నెలల తర్వాత ఆ టీమే ఉండదు.

డబ్బు, ఇల్లు

జీతాల గురించి గొప్పలు చెప్పను. మొదటి మూడు నాలుగేళ్ళు ఐటీలో చేరిన మీ ఫ్రెండ్ కంటే తక్కువే వస్తుంది. ఎక్కువగా రోజు లెక్కన లేదా ఈవెంట్ కాంట్రాక్ట్, టీడీఎస్ కోసి ఇస్తారు, పీఎఫ్ ఉండకపోవచ్చు. ఒక కాంట్రాక్ట్‌కి ఇంకోదానికి మధ్య ఖాళీ నెలలు వస్తాయి, కాబట్టి వచ్చినప్పుడే ఆర్నెల్ల ఖర్చు పక్కన పెట్టుకోవడం మొదటి నుంచీ అలవాటు చేసుకోండి. హెల్త్ ఇన్సూరెన్స్ సొంతంగా తీసుకోండి. ఇంట్లో అమ్మానాన్నకి ఇది అర్థం కావడం కష్టం, "పర్మనెంటా?" అంటారు, కాదు అని నిజమే చెప్పండి, కానీ ఒక గేమ్స్ నుంచి ఇంకో గేమ్స్‌కి దేశాలు మారుతూ పాతికేళ్ళుగా బతుకుతున్నవాళ్ళు ఉన్నారని కూడా చెప్పండి. పెళ్ళయ్యాక ఇలా తిరగడం అందరికీ కుదరదు, అలాంటప్పుడు ఫెడరేషన్, స్పోర్ట్స్ అథారిటీ, స్టేడియం మేనేజ్‌మెంట్, యూనివర్సిటీ స్పోర్ట్స్ విభాగం లాంటి ఒకేచోట ఉండే ఉద్యోగాల్లోకి మారొచ్చు, అప్పుడు ఈ అనుభవం వృథా పోదు.

కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టేముందు ఇవి అడగండి, మొహమాటపడొద్దు. డబ్బు ఎప్పుడిస్తారు, ఈవెంట్ రద్దయితే ఎంతిస్తారు, రోజుకి ఎన్ని గంటలు, రాత్రి రెండింటికి డ్యూటీ అయితే ఇంటికి వెళ్ళే వాహనం ఎవరిది, ముఖ్యంగా అమ్మాయిలు ఇది రాతపూర్వకంగా తీసుకోండి. ఉండే రూమ్‌లో ఎంతమంది, దెబ్బ తగిలితే ఇన్సూరెన్స్ ఎవరిది, సామాను విప్పి లారీల్లోకి ఎక్కించే రోజులకి కూడా డబ్బు లెక్కలో ఉందా లేదా. ఈ చివరిది చాలామంది అడగరు, ఫైనల్ అయ్యాక మూడు నాలుగు రోజులు ఊరికే పనిచేసి వస్తారు.